విప్పిన ప్యాకింగే మళ్లీ బిగించొచ్చా?





ఎండలు ముదిరే కొద్దీ మీ ఉత్తరాల్లో ఇంజన్ కబుర్లు పెరుగుతాయి. ఈసారి వాటిలో ఒకే సందేహం రకరకాలుగా కనిపించింది. "టాపెట్లు చూపిద్దామని హెడ్ కవర్ విప్పించాను. మెకానిక్ పాత ప్యాకింగే పెట్టి బిగించేశాడు. సరైన పనేనా?" అని కొందరు అడిగారు. "విప్పిన ప్రతిసారీ కొత్తది కొనాల్సిందేనా?" అని ఇంకొందరు. "ఎన్నిసార్లయినా వాడుకోవచ్చంటూ సిలికాన్ ప్యాకింగులు అమ్ముతున్నారు, నమ్మొచ్చా?" అని మరికొందరు. అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. రబ్బరుతోనో సిలికాన్‌తోనో అచ్చు పోసిన హెడ్ కవర్ ప్యాకింగ్ మెత్తగా, చీలికల్లేకుండా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు. కాగితం ప్యాకింగ్ విప్పితే దాని పని అయిపోయినట్టే. హెడ్‌కీ సిలిండర్ బోరుకీ మధ్య ఉండే హెడ్ ప్యాకింగును మాత్రం ఎంత బాగా కనబడినా మళ్లీ పెట్టకూడదు. ఈ మూడింటికీ కారణాలు తెలిసి ఉంటే, షాపులో ఎవరేం చెప్పినా మీ అంతట మీరే తేల్చుకోగలరు.

హెడ్ కవర్ ఇంజన్‌కి అన్నిటికంటే పైన ఉండే మూత. దాని కింద రాకర్లు, వాల్వు స్ప్రింగులు, చాలా బళ్లలో క్యామ్‌షాఫ్టు ఉంటాయి. వాటి మీద ఎప్పుడూ వేడి ఆయిల్ చిందుతూ ఉంటుంది. ఆ ఆయిల్ బయటికి రాకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా చూడడమే కవర్ పని. దాని అంచున కూర్చున్న ప్యాకింగుకి తగిలేది ఆయిల్ తుంపరలు, క్రాంక్‌కేసు నుంచి వచ్చే కొద్దిపాటి గాలి ఒత్తిడి, అంతే. మంట దాని దాకా రాదు. హెడ్ ప్యాకింగ్ సంగతి వేరు. అది పెట్రోలు మండే గది గోడలో భాగం. ప్రతి పేలుడూ దాని మీదే పడుతుంది. బోల్టుల బిగువుకి ఒకసారి నలిగి, ఆ రెండు ముఖాల ఆకారానికి ఒదిగిపోయాక, మళ్లీ విప్పి పెడితే అదే ఒత్తిడిని ఆపుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి "ప్యాకింగ్ మళ్లీ వాడొచ్చట" అన్న మాట విని దాన్ని బండిలోని అన్ని ప్యాకింగులకూ వర్తింపజేయకండి. ఈ ఉత్తరంలో చెప్పేదంతా హెడ్ కవర్‌కీ, టాపెట్ కవర్‌కీ మాత్రమే.

మరి ఈ కవర్‌ని అసలు ఎందుకు విప్పాలి? టాపెట్ల కోసం, అంటే వాల్వు సందు సర్దడం కోసం. రాకరుకీ వాల్వు కాడకీ మధ్య చిన్న సందు ఉండాలి. వేడికి లోహం సాగినప్పుడు కూడా వాల్వు పూర్తిగా మూసుకోవడానికి వదిలిన చోటు అది. ఎంత చిన్నదంటే, బీఎండబ్ల్యూ పాత బాక్సర్ ఇంజన్లలో చాలావాటికి ఇన్‌లెట్ వైపు 0.10 మి.మీ., ఎగ్జాస్టు వైపు 0.20 మి.మీ. మామూలు రాత కాగితం మందమే దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. అంత సన్నని కొలత బండి తిరిగే కొద్దీ మారుతుంది. రాకరూ దాని మరా అరిగితే సందు పెరుగుతుంది. వాల్వూ దాని సీటూ అరిగి వాల్వు పైకి జరిగితే సందు తగ్గుతుంది.

ఇక్కడ మనలో చాలామందికి ఉన్న ఒక నమ్మకాన్ని సరిచేయాలి. టాపెట్ల నుంచి టకటక చప్పుడొస్తే బండికి జబ్బు చేసిందనీ, చప్పుడు లేకపోతే ఆరోగ్యంగా ఉందనీ అనుకుంటాం. సందు పెరిగినప్పుడే చప్పుడొస్తుంది. తగ్గినప్పుడు ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా నడుస్తుంది. ప్రమాదం ఆ నిశ్శబ్దంలోనే ఉంది. ఎగ్జాస్టు వాల్వు తన ఒంటి వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకి ఆనుకుని ఉన్న క్షణాల్లోనే హెడ్‌కి అప్పజెబుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు సీటు మీద గట్టిగా ఆనదు. వేడి వెళ్లే దారి మూసుకుపోతుంది. అంచు వెంట మంట కారుతుంది. కొన్నాళ్లకు వాల్వు కాలిపోయి కంప్రెషన్ పడిపోతుంది. పొద్దున కిక్ కొడితే స్టార్టవడానికి మొరాయిస్తుంది. అప్పుడు హెడ్ దింపించాలి, వాల్వు మార్చాలి, సీటు పట్టించాలి. అరగంటలో అయ్యే టాపెట్ల పనిని వాయిదా వేసినందుకు పడే ఖర్చు అది.

వాయిదా వేసేది ఎందుకు? షాపుల్లో అడిగి చూడండి. "బాగానే ఉంది కదన్నా, ఎందుకు కదపడం? విప్పితే ఆయిల్ కారడం మొదలవుద్ది" అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కాగితం ప్యాకింగుల రోజుల్లో అది నిజం. విప్పగానే సగం కవర్‌కీ సగం హెడ్‌కీ అంటుకుని చిరిగేది. కొత్తది దొరక్కపోతే మిగిలిన ముక్కల మీదే పేస్టు పూసి మూసేవారు. అది కారేది. మళ్లీ విప్పాలంటే ఎవరికైనా చేతులాడేవి కావు. మళ్లీ మళ్లీ వాడుకునే ప్యాకింగు విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది. కొత్త ప్యాకింగ్ డబ్బు మిగలడం చిన్న లాభం. కవర్ విప్పడానికి ఉన్న భయం పోవడం పెద్ద లాభం. భయం లేకుండా విప్పగలిగితే టాపెట్లు వేళకి చూస్తాం. వేళకి చూసిన ఇంజన్ ఎక్కువ కాలం బతుకుతుంది.

దీనికి మంచి ఉదాహరణ ఇందాక చెప్పిన బీఎండబ్ల్యూ బాక్సరే. 1969లో వచ్చిన శ్రేణి నుంచి 1990ల నడిమి వరకు తయారైన గాలితో చల్లబడే ఆ బళ్లలో రెండు సిలిండర్లు బండికి చెరోవైపు చేతులు చాపినట్టు బయటికి ఉంటాయి. వాటి కొసన వాల్వు కవర్లు. నడుమ ఒక పెద్ద నట్టు, పక్కన రెండు చిన్న నట్లు. అవి తీసి, కింద ఒక పళ్లెం పెట్టి కవర్ లాగితే చాలు, వాల్వులు ఎదురుగా ఉంటాయి. ట్యాంకు దింపక్కర్లేదు, సీటు తీయక్కర్లేదు. అంత సులువుగా ఉంది కాబట్టే వాటి యజమానులు తమ చేతులతోనే టాపెట్లు చూసుకోవడానికి అలవాటుపడ్డారు. ప్రతిసారీ కాగితం గీకడం విసుగనిపించి, ఆ కవర్ల కొలతకు తగిన సిలికాన్ ప్యాకింగులు బజారులోకి వచ్చాక చాలామంది వాటికి మారారు.

మన దగ్గర ఆ పోలిక పాత బుల్లెట్‌కి సరిపోతుంది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో 1956 నుంచి తయారవుతూ వచ్చిన బుల్లెట్ పోత ఇనుప ఇంజన్‌లో టాపెట్లు పైన సర్దరు. సిలిండర్ అడుగున, కుడి పక్క ఉండే టాపెట్ కవర్ తీసి పుష్‌రాడ్ల దగ్గరే సర్దుతారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చిన చోట, పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఆ కవర్‌ని పట్టి ఉంచేది నడుమ ఉన్న ఒకే ఒక్క నట్టు. ఆయిల్ కారుతోందని దాన్ని ఇంకో పట్టు బిగిస్తే కవర్ నడుమ లోపలికి వంగి అంచులు పైకి లేస్తాయి. బిగించిన కొద్దీ ఇంకా కారుతుంది. బుల్లెట్ అంటే ఆయిల్ కారాల్సిందే అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. ఆ పేరు రావడానికి ఈ కవర్ బిగింపుకీ వాటా ఉంది. వంగిన కవర్‌ని చదును గాజు పలక మీద పెట్టి చూసి సరిచేసి, మంచి ప్యాకింగ్ వేసి, మోతాదుగా బిగిస్తే పొడిగానే ఉంటుంది.

ఇప్పుడు రబ్బరు ప్యాకింగ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. కాగితం ప్యాకింగ్ నలిగి ఆపుతుంది. ఒకసారి నలిగాక వెనక్కి రాదు. రబ్బరు నొక్కుడుకి ఎదురు తిరిగి ఆపుతుంది. నొక్కితే పక్కకి ఉబ్బి, రెండు ముఖాలనూ తిరిగి నెడుతూ ఉంటుంది. ఆ నెట్టుడే సీలు. అయితే రబ్బరుకి ఒక గుణం ఉంది. అది ఆకారం మార్చుకుంటుంది గానీ పరిమాణం తగ్గించుకోదు. ఎత్తు తగ్గితే వెడల్పు పెరగాల్సిందే. అందుకే కవర్‌లో ప్యాకింగ్ కూర్చునే గాడిని రబ్బరు కంటే కాస్త వెడల్పుగా చేస్తారు. ఆ ఖాళీ రబ్బరు ఉబ్బడానికి వదిలిన చోటు. మంచి చేస్తున్నామనుకుని ఆ గాడి నిండా సిలికాన్ పేస్టు నింపితే రబ్బరుకి ఉబ్బే చోటు పోతుంది. బిగించినప్పుడు అంచు దాటి బయటికి వస్తుంది, లేదా చీలుతుంది. పేస్టు ఎక్కువ పూసిన కవర్లే ఎక్కువ కారడానికి కారణం ఇదే.

రెండో భాగం బోల్టు. ఇప్పటి చాలా బళ్లలో హెడ్ కవర్ బోల్టుకి మర పైన ఒక మెట్టు ఉంటుంది. బోల్టు దిగి, ఆ మెట్టు హెడ్‌కి తగలగానే ఆగిపోతుంది. దాని తల కింద లోహపు టోపీ ఉన్న రబ్బరు వాషర్ ఉంటుంది. కవర్‌ని ప్యాకింగ్ మీద నొక్కి పట్టేది ఆ వాషరే. అంటే ప్యాకింగ్ ఎంత నలగాలో కంపెనీవాళ్లు ముందే లెక్కకట్టి మెట్టు ఎత్తులో పెట్టేశారు. మెట్టు తగిలాక ఎంత బలం పెట్టినా ప్యాకింగ్ ఇంకొంచెం నలగదు. ఆ బలమంతా అల్యూమినియం మర మీద పడి మర పోతుంది. కాబట్టి ఇలాంటి కవర్ కారుతుంటే బిగించడం మందు కాదు. ప్యాకింగ్ పాతబడిందా, వాషర్లు గట్టిపడ్డాయా అని చూడాలి. వాషర్లు రాయిలా మారితే కొత్త ప్యాకింగ్ వేసినా కారుతుంది. చాలాసార్లు వాషర్లు మారిస్తే పాత ప్యాకింగే బాగా పనిచేస్తుంది. ప్యాకింగ్ కొంటున్నప్పుడు వాషర్లు కూడా అడిగి తీసుకోండి.

రబ్బర్లలోనూ రకాలున్నాయి. నైట్రైల్ రబ్బరు ఆయిల్‌కి బాగా తట్టుకుంటుంది, ధర తక్కువ. కానీ 100 నుంచి 120 డిగ్రీల వేడి దాటితే త్వరగా గట్టిపడుతుంది. యాక్రిలిక్ రబ్బరు దానికంటే ఎక్కువ వేడికి, దాదాపు 150 డిగ్రీల దాకా ఓరుస్తుంది. సిలికాన్ 200 డిగ్రీల దాకా మెత్తదనం నిలుపుకుంటుంది. అందుకే మళ్లీ మళ్లీ విప్పే కవర్లకు దాన్ని ఇష్టపడతారు. దానికీ బలహీనతలు రెండున్నాయి. చిన్న గాటు పడితే సులువుగా చీలిపోతుంది. పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. విటాన్ అని పిలిచే ఫ్లోరో రబ్బరు వేడికీ పెట్రోలుకీ రెండింటికీ ఓర్చుకుంటుంది గానీ ఖరీదు. ఇవి కాక, సన్నటి స్టీలు రేకుకి రెండు వైపులా రబ్బరు పూత వేసిన ప్యాకింగులూ ఉన్నాయి. నడుమ రేకు ఉండడంతో అవి సాగవు, నొక్కుడుకి పక్కకి జారవు.

రబ్బరు ముసలితనాన్ని కొలిచేందుకు ప్రయోగశాలల్లో ఒక పరీక్ష ఉంది. ఒక బిళ్లను దాని మందంలో 25 శాతం నొక్కి, వేడిలో గంటల తరబడి ఉంచి, వదిలేస్తారు. నొక్కిన దాంట్లో ఎంత వెనక్కి వచ్చిందో, ఎంత అలాగే ఉండిపోయిందో కొలుస్తారు. అలాగే ఉండిపోయిన భాగం ఎంత ఎక్కువైతే ఆ రబ్బరులో ఎదురు తిరిగే సత్తువ అంత తగ్గినట్టు. రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవిలో ట్రాఫిక్‌లో నిలబడిన, గాలితో చల్లబడే ఇంజన్‌ని తలుచుకోండి. మీద 45 డిగ్రీల ఎండ, ఎదురుగాలి లేదు, హెడ్ కుతకుతలాడుతూ ఉంటుంది. ప్యాకింగ్ ఆ పరీక్షను రోజూ రాస్తూనే ఉంది. కాబట్టి "ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు" అన్న మాటని "విప్పడం వల్ల పాడవదు" అని అర్థం చేసుకోండి. వేడి వల్ల, కాలం వల్ల అది పాతబడుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు విప్పారన్న లెక్క కంటే, విప్పినప్పుడు అది ఎలా ఉందన్నదే ముఖ్యం.

ఆ పరీక్ష మీ చేతులతో మీరే చేసుకోవచ్చు. తీసిన ప్యాకింగుని గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. దాని అడ్డకోత మొదట గుండ్రంగానో, గీతలు తేలిన పట్టీలానో ఉంటుంది. ఇప్పుడు పలకలా చదునైపోయి ఉంటే దాని సత్తువ అయిపోయింది. వేళ్ల మధ్య మెల్లగా వంచండి. వంపు దగ్గర వెంట్రుక గీతల్లా చీలికలు కనిపిస్తే తీసేయండి. గోటితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. గోరు దిగనంత గట్టిగా ఉన్నా, జిగటగా మెత్తబడినా పనికిరాదు. కవర్ గాడిలో పెట్టి చూడండి. పొడవు పెరిగి అలలు అలలుగా లేస్తుంటే, అది ఆయిల్‌కో పెట్రోలుకో ఉబ్బింది. ఇవేవీ లేకపోతే నిశ్చింతగా మళ్లీ వాడండి. మెకానిక్ పాతది పెట్టాడని మథనపడనక్కర్లేదు. చూసి పెట్టాడా, చూడకుండా పెట్టాడా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

పని చేసే పద్ధతి గురించి కూడా కొంత చెప్పనివ్వండి, ఇందులోనే సగం ఫలితం ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రంతా నిలిపిన బండి మంచిది. టాపెట్ల కొలతకూ అదే కావాలి. విప్పకముందే కవర్ చుట్టూ, ఫిన్నుల సందుల్లో ఉన్న మట్టిని బ్రష్షుతో, గాలితో తీసేయండి. లేకపోతే కవర్ లేపగానే ఆ మట్టి క్యామ్ మీదే పడుతుంది. బోల్టులను ఒక్కసారిగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయండి. కవర్ అంటుకుని ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చి లేపకండి. అల్యూమినియం ముఖం మీద పడిన గాటుని ఏ ప్యాకింగూ పూడ్చలేదు. రబ్బరు సుత్తితో పక్క నుంచి మెల్లగా తడితే వదులుతుంది.

టాపెట్లు చూసుకున్నాక ముఖాలు శుభ్రం చేయాలి. పాత పేస్టు ఉంటే ప్లాస్టిక్ ముక్కతో గీకండి. గరుకు కాగితం పెట్టి రుద్దితే ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది, ముఖం చదును కూడా చెడుతుంది. గీకేటప్పుడు క్యామ్ చైన్ దిగే సొరంగానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి. మూసే ముందు ఆ గుడ్డ తీయడం గుర్తుంచుకోండి. ప్యాకింగుని పెట్రోలు డబ్బాలో ముంచకండి. షాపుల్లో అన్నిటినీ అందులోనే కడగడం అలవాటు, సిలికాన్‌కి అది గిట్టదు. సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి.

బిగించేటప్పుడు మొదటి నియమం: ప్యాకింగ్ కూర్చునే రెండు ముఖాలూ పొడిగా ఉండాలి. ముఖ్యంగా గాడి లేని చదును కవర్లలో, అంటే పాత బుల్లెట్ లాంటివాటిలో, ఆయిల్ తడి ఉంటే సిలికాన్ ప్యాకింగ్ బిగువుకి జారి పక్కకి వచ్చేస్తుంది. ఇక బిగువు. హెడ్ కవర్లకి చాలా బళ్లలో 6 మి.మీ. బోల్టులే ఉంటాయి. వాటికి సాధారణంగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు చెబుతారు. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి అదే పాటించండి. 10 న్యూటన్ మీటర్లంటే 10 సెంటీమీటర్ల పిడి కొసన సుమారు 10 కిలోల బలం. పెద్ద పానాతో భుజం ఊపి తిప్పితే అది ఎప్పుడో దాటిపోతుంది. చిన్న టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కుంటే జీవితాంతం పనికొస్తుంది. అది లేకపోతే చిన్న టీ పానాని మూడు వేళ్లతో పట్టి, ఎదురెదురు బోల్టులను రెండు మూడు విడతలుగా బిగించండి. మెట్టు తగిలినట్టు చేతికి తెలియగానే ఆపేయండి. ఒకవేళ మర పోయే ఉంటే, పొడుగు బోల్టు వేసి సర్దుకోకుండా హెలికాయిల్ వేయించండి. స్టీలు మర కాబట్టి పాతదానికంటే గట్టిగా ఉంటుంది.

సిలికాన్ పేస్టు గురించి వేరుగా చెప్పాలి. మన షాపుల్లో అనబాండ్ ట్యూబు లేని అర ఉండదు. పేస్టు చెడ్డది కాదు, దానికి ఒక చోటు ఉంది. రెండు క్యామ్‌లున్న ఇంజన్లు చాలావాటిలో హెడ్ కొసల్లో అర్ధచంద్రాకారపు గుంటలుంటాయి. ప్యాకింగులోని అర్ధచంద్రం వాటిలో కూర్చుంటుంది. చదును అంచు వంపుగా మారే ఆ మూలల్లో రబ్బరు ఒక్కటే చాలదని, కొద్దిగా పేస్టు చుక్క పెట్టమని మాన్యువళ్లు చెబుతాయి. అక్కడ పెట్టండి, మిగతా చుట్టూ వద్దు. ఎక్కువ పూసిన పేస్టు లోపలి వైపు తీగలా వేలాడుతుంది, ఎండాక తెగి ఆయిల్‌లో పడుతుంది, చివరికి ఆయిల్ జల్లెడకి అడ్డం పడుతుంది. ఆయిల్ అందక క్యామ్ అరిగితే, ఆ నష్టం ముందు బయట కారే నాలుగు చుక్కలు లెక్కలోకి రావు. ఇంకోమాట. పేస్టు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పూర్తిగా గట్టిపడడానికి దాదాపు ఒక రోజు కావాలి. పూసిన వెంటనే స్టార్ట్ చేసి తోలుకెళ్లడం తొందరపాటు. వెనిగర్ వాసన వచ్చే రకం అల్యూమినియాన్ని తినే ఆమ్లాన్ని వదులుతుంది, ఇంజన్ల కోసం చేసిన తటస్థ రకమే అడగండి.

అన్నీ సరిగ్గా చేసినా కారుతుంటే ప్యాకింగుని నిందించే ముందు రెండు చూడండి. మొదటిది బ్రీదర్ గొట్టం. పిస్టన్ రింగుల పక్క నుంచి దిగిన గాలి క్రాంక్‌కేసులోంచి బయటపడే దారి అది. ఆ దారి మట్టితోనో మడతతోనో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ని తోస్తుంది. పాత బుల్లెట్‌లో ఆ గొట్టం కొసన బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వు ఉంటుంది. అది గట్టిపడితే కొత్త ప్యాకింగులు ఎన్ని మార్చినా లాభం ఉండదు. రెండోది ఆయిల్ మట్టం. "ఇంకో వంద మిల్లీలీటర్లు ఎక్కువుంటే మంచిదే" అని గీత దాటించి పోస్తే అదీ బయటికి తోసుకొస్తుంది.

తడి కనిపించిన చోటే కారుతోందనీ అనుకోకండి. బండి నడుస్తుంటే ఎదురుగాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, బరువు దాన్ని కిందికి లాగుతుంది. ఇంజన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, అనుమానం ఉన్న చోట ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. కాసేపు నడిపి చూస్తే ఆయిల్ మొదలైన చోట పౌడర్ మీద మరక తేలుతుంది. హెడ్ కవర్ అనుకున్నది హెడ్ ప్యాకింగ్ కావచ్చు, క్యామ్ చైన్ టెన్షనర్ కావచ్చు. ముందు చోటు తెలుసుకుంటే అనవసరంగా విప్పే బాధ తప్పుతుంది.

మళ్లీ మళ్లీ వాడుకునే ఈ ప్యాకింగ్ కొనే అవసరం అందరికీ లేదు కూడా. 1994లో హీరో హోండా పేరుతో వచ్చి, ఇప్పటికీ మన రోడ్ల నిండా తిరుగుతున్న స్ప్లెండర్‌లో టాపెట్ల కోసం కవర్ మొత్తం విప్పరు. రెండు గుండ్రటి టాపెట్ మూతలు తీస్తే చాలు. ఒక్కో మూతకీ ఓ-రింగ్ ఉంటుంది, పైన చెప్పిన గోటి పరీక్షే దానికీ సరిపోతుంది. 2009లో వచ్చిన మొదటి తరం రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో హైడ్రాలిక్ టాపెట్లు ఉన్నాయి. ఆయిల్ ఒత్తిడితో అవే సర్దుకుంటాయి కాబట్టి కవర్‌ని గడువు ప్రకారం విప్పే పనే లేదు. పాత బుల్లెట్లు, ఎక్కువ తిరిగే పల్సర్లు, డ్యూకులు ఉన్నవాళ్లు, తమ పని తామే చేసుకునేవాళ్లు మంచి ప్యాకింగ్ మీద ఖర్చుపెడితే దానికి ఫలితం దక్కుతుంది.

కొనేటప్పుడు ముందుగా కంపెనీ అసలు భాగమే అడగండి. గాడి ఉన్న కవర్లకు కంపెనీ ఇచ్చేదే అచ్చు పోసిన రబ్బరు. పేరు మీద "రీయూజబుల్" అని రాసి ఉండకపోయినా, బాగున్నంతకాలం మళ్లీ వాడుకోదగిన ప్యాకింగే అది. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విడిగా కొంటున్నట్టయితే పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లండి. పక్కపక్కన పెట్టి అడ్డకోత ఎత్తు, వెడల్పు, మూలల వంపు సరిచూసుకోండి. ఎత్తులో ఒక్క అర మిల్లీమీటరు తేడా వచ్చినా, మెట్టు బోల్టు ఉన్న కవర్‌లో అది నలగాల్సినంత నలగదు, లేదా నలగకూడనంత నలుగుతుంది. మోడల్ పేరు ఒకటే అయినా సంవత్సరాన్ని బట్టి కవర్ మారుతుంది, బండి ఏ ఏటిదో చెప్పి అడగండి.

ఇక మీ మెకానిక్‌తో మాట్లాడే సంగతి. నెలల తరబడి మన బండిని చూసే మనిషి ఆయన. తప్పు పట్టుకుంటున్నట్టు కాకుండా, తెలుసుకుంటున్నట్టు అడగండి. "అన్నా, ప్యాకింగ్ ఎలా ఉందో ఓసారి చూపించు. బాగుంటే అదే వేద్దాం, లేకపోతే కొత్తది తెస్తా. పేస్టు మూలల్లో చాలు" అనండి. పనంటే ప్రేమున్న మెకానిక్ ఈ మాటకి సంతోషిస్తాడు. రోజుకి పది బళ్లు విప్పి కట్టే మనిషికి, పని చూసి విలువ కట్టే ఖాతాదారు కంటే బలం ఇంకొకటి లేదు. తొందరపెట్టకండి. ఇంజన్ చల్లారేదాకా ఆగమని ఆయన అంటే, బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లండి.

ఈ వారంలో ఒక పని చేయండి. మీ బండితో వచ్చిన పుస్తకం తీసి, టాపెట్లు ఎన్ని కిలోమీటర్లకి చూడమన్నారో, హెడ్ కవర్ బోల్టులకి ఎంత బిగువు రాశారో చూసి, ఆ రెండంకెలూ సర్వీసు కార్డు వెనక రాసుకోండి. మీటరు చూసి, గడువు దాటి ఉంటే వచ్చే ఆదివారమే కవర్ విప్పించండి. తీసిన ప్యాకింగ్ ఏ స్థితిలో ఉంది, ఏ బండిది, ఎన్నేళ్లు పనిచేసింది నాకు రాయండి. మన ఎండల్లో, మన రోడ్ల మీద ఏ ప్యాకింగ్ ఎంత నిలుస్తోందన్నది మీ ఉత్తరాల వల్లే తెలుస్తుంది. ఉపయోగపడే వివరాలన్నీ కూర్చి వచ్చే ఉత్తరంలో అందరికీ అందిస్తాను.

మీ బండి చల్లగా ఉండాలని కోరుతూ,

మీ మిత్రుడు